విష్కంభం వదిలేసి శాకుంతలం చెప్పగలమా?

సంపాదకులకు నమస్కారం.

నాటకాన్ని పాఠంగా చెబుతున్న తీరు గురించి ఈ ఉత్తరం. నేను పండితుణ్ణి కాను. ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఔత్సాహిక నాటకాలకు తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ ఇచ్చినవాణ్ణి, అంటే నటులకు మాటలు అందించినవాణ్ణి. ఇప్పుడు మా మనవరాలు సాహిత్యం చదువుతోంది. పరీక్షల టెన్షన్‌లో తను బట్టీ పడుతున్న నోట్సు తిరగేశాను. స్వగతం, జనాంతికం, విష్కంభం, పతాకాస్థానకం, డ్రమాటిక్ ఐరనీ, కథార్సిస్... ఒక్కోదానికి రెండు లైన్ల నిర్వచనం, దాని కింద ఒక ఉదాహరణ. ఆ ఉదాహరణ కూడా బట్టీయే. నాటకం చదివావా అని అడిగితే "సారాంశం చదివాను తాతయ్యా" అంది. తప్పు తనది కాదు. ప్రశ్నపత్రం అడిగేది అంతే.

ఈ పదాలే అనవసరం, నాటకాన్ని హాయిగా చదవనివ్వండి అనేవాళ్లున్నారు. నేను ఆ పక్షం కాదు. ఒక సన్నివేశం మనల్ని ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే ఈ పదాలు కావాలి. కాకపోతే ఆ పదం ఫలానా నాటకంలో, ఫలానా చోట ఏం పని చేస్తోందో చూపించాలి.

విష్కంభాన్నే తీసుకోండి. "జరిగిన, జరగబోయే కథను క్లుప్తంగా సూచించేది" అని నోట్సులో ఉంది. ఇది చదివిన పిల్లలు అదేదో చిన్న అతుకు అనుకుని దాటేస్తారు. శాకుంతలం నాలుగో అంకం మొదట్లో వచ్చే విష్కంభంలో అనసూయ, ప్రియంవద పూలు కోస్తుంటారు. నువ్వు తలచుకుంటున్నవాడు నిన్ను మరిచిపోతాడన్న దుర్వాసుడి శాపం తెర వెనక నుంచి వినిపిస్తుంది. శకుంతల దుష్యంతుడి ధ్యాసలో ఉంది, ఆమెకు వినపడలేదు. చెలికత్తెలిద్దరూ ఆ సంగతి తమలోనే దాచుకుంటారు. ఇక అయిదో అంకంలో రాజు "ఈమె ఎవరో నాకు తెలియదు" అన్నప్పుడు నిండు సభలో అసలు విషయం తెలిసింది ఎవరికి? రాజుకు తెలియదు, శకుంతలకు తెలియదు, వెంట వచ్చిన మునులకూ తెలియదు. మనకు మాత్రమే తెలుసు. డ్రమాటిక్ ఐరనీ అంటే ఇదే. దానికి వేరే ఉదాహరణ బట్టీ పట్టనక్కర్లేదు. ఆ విష్కంభాన్ని తీసేసి అయిదో అంకం చదివి చూడండి, దుష్యంతుడు మోసగాడుగా మిగులుతాడు. మహాభారత కథలో శాపం లేదు, ఉంగరం లేదు. అక్కడ రాజు అన్నీ గుర్తుండే కాదంటాడు. కాళిదాసు మార్చిన ఈ ఒక్క విషయం చెబితే చాలు, విష్కంభం ఎందుకో తరగతిలో ఎవరూ మరిచిపోరు.

పతాకాస్థానకం అనగానే పిల్లలు భయపడతారు, పేరే అలా ఉంది మరి. ఒక సంగతి గురించి అన్న మాట, అనుకోకుండా రాబోయే ఇంకో సంగతిని సూచించడమే అది. భవభూతి నాటకం ఉత్తరరామచరితం మొదటి అంకంలో సీత రాముడి చేతిమీద తల పెట్టుకుని నిద్రపోతుంది. ఈమెకు సంబంధించి నాకు ఇష్టం కానిదేముంది, భరించలేనిది విరహం ఒక్కటే అనుకుంటాడు రాముడు. సరిగ్గా అప్పుడే ప్రతీహారి, అంటే ద్వారం దగ్గర కాపలా ఉండే ఆమె, వచ్చి "దేవా, వచ్చెను" అంటుంది. ఆమె చెబుతున్నది దుర్ముఖుడనే చారుడి గురించి. మనకు వినిపించేది విరహం వచ్చిందని. ఆ చారుడు తెచ్చింది లోకనిందే కాబట్టి ఆ మాట నిజం కూడా అవుతుంది. ప్రాంప్టరుగా చెబుతున్నాను, ఇలాంటి చోట ప్రతీహారి వేషగాడు ఒక్క క్షణం ఆలస్యంగా అడుగుపెడితే మొత్తం పోయినట్టే. దీన్ని నిర్వచనంతో ఎలా చెబుతారు? ఇద్దరు పిల్లల్ని లేపి నిలబెట్టి ఆ రెండు మాటలూ వెంటవెంటనే చెప్పిస్తే నిమిషం కూడా పట్టదు.

జనాంతికం సంగతీ అంతే. పుస్తకంలో అది బ్రాకెట్లో ఉండే ఒక్క మాట, కన్ను దాటేస్తుంది. రంగం మీద మాత్రం ఇద్దరు మాట్లాడుకుంటుంటే, పక్కనే ఉన్న మూడో మనిషి విననట్టు ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. కొత్త నటులు ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే.

ఇంగ్లీషు నాటకాలకు ఇంకో రోగం. మాక్‌బెత్‌కు అత్యాశ, ఒథెల్లోకు అసూయ, హామ్లెట్‌కు సందేహం అని ఒక్కొక్కరికీ ఒక్కో దోషం అంటించి ట్రాజిక్ హీరో పాఠం ముగిస్తున్నారు. అరిస్టాటిల్ ట్రాజెడీకి ప్రాణం అన్నది కథాసంవిధానాన్ని, హీరో గుణదోషాల పట్టికను కాదు. ఒథెల్లో అసూయపరుడని తెలిస్తే ఏం తెలిసినట్టు? ఒథెల్లో కిందే పనిచేస్తూ అతణ్ణి నాశనం చేయాలని చూసే ఇయాగో తన పన్నాగమంతా స్వగతంలో మనకు ముందే చెప్పేస్తాడు, ఆ తర్వాత కూడా ఒథెల్లో అతణ్ణి నిజాయితీపరుడనే అంటుంటాడు. మనం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోవడానికి అసలు కారణం అక్కడుంది.

సిలబస్ పూర్తి చేయాల్సిన మాస్టార్ల కష్టం నాకు తెలుసు. అందుకే నా విన్నపం ప్రశ్నపత్రం తయారు చేసేవారికి. "జనాంతికమనగానేమి?" అనడం మానేసి, నాటకంలోంచి అరపేజీ సంభాషణ అచ్చువేయండి. ఈ మాట ఎవరికి వినిపిస్తోంది, ఎవరికి వినిపించడం లేదు, రంగం మీద ఉన్నవాళ్లలో ఏ సంగతి ఎవరికి తెలియదు, ఈ నాలుగు లైన్లూ తీసేస్తే తర్వాతి అంకంలో ఏం చెడుతుంది అని అడగండి. పదం పేరు రాసినందుకు ఒక మార్కు, మిగతావన్నీ ఈ జవాబులకు ఇవ్వండి.

ఇట్లు,
ఒక మాజీ ప్రాంప్టర్