ఎల్క్ (అమెరికాలోని పెద్ద జింక) వేట ప్లాన్: అందరూ ఒకసారి పూర్తిగా చదవండి

అన్నలూ, తమ్ముళ్లూ, కొలరాడో రెండో రైఫిల్ సీజన్‌కి (రైఫిల్‌తో వేటకి అనుమతించే రోజుల్లో రెండో విడత) గైడ్ లేకుండా మనమే వెళ్దామనుకున్నాం కదా. చోటు వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్. ప్రభుత్వ అడవే గానీ పక్కనే ప్రైవేటు ర్యాంచులున్నాయి. కంచె, బోర్డు లేకపోయినా అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. హద్దులు చూపించే మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్ దొరకదు.

హంటర్ ఎడ్యుకేషన్ కార్డు (వేట భద్రత కోర్సు చేసినట్టు రుజువు) లేనివాళ్లు ఈ నెలలోనే కోర్సు పూర్తిచేయండి. మెరిసే ఆరెంజ్ లేదా పింక్ చొక్కా, టోపీ తప్పనిసరి.

నాకు అసలు టెన్షన్ మాంసం గురించే. పెద్ద మగ ఎల్క్ 300 కిలోలు ఉంటుంది. ఎముకలు తీసినా 100 కిలోల వరకు మన వీపుల మీదే దిగాలి. నా మొదటి వేటలో చీకటి పడిందని తొడలు కోయకుండా వదిలేశాను. బయట మంచు, అయినా తెల్లారి కత్తి దింపితే ఎముక దగ్గర ఇంకా గోరువెచ్చగా ఉంది, వాసన కూడా మొదలైంది. అంత మంచి మాంసం పాడైనందుకు ఇప్పటికీ బాధే. ఈసారి ఎంత రాత్రయినా వెంటనే చర్మం ఒలిచి, కాళ్లు విడదీసి, గుడ్డ సంచుల్లో గాలాడేలా వేలాడదీద్దాం. బండికి 2 మైళ్లు దాటి దయచేసి ఎవరూ కాల్చొద్దు.

క్యాంపు 9,000 అడుగుల పైన, ఆయాసం వస్తుంది. రెండు రోజులు ముందే చేరుకుందాం. వీపున 20 కిలోలు వేసుకుని ఇప్పటినుంచే మెట్లెక్కండి. ఎవరెవరు వస్తున్నారో శనివారంలోగా చెప్పండి.