చిన్న దేశానికి ఉపగ్రహం దేనికా?

సంపాదకులకు నమస్కారం.

మారిషస్ లాంటి చిన్న దీవికి ఉపగ్రహం దేనికి, ఆ డబ్బుతో ఆస్పత్రి కట్టుకోవచ్చు కదా అని గత వారం ఈ పేజీలో ఒక పాఠకుడు రాశారు. ఒకప్పుడు మన దేశాన్నీ ఇదే మాటన్నారు. 2021 జూన్‌లో కక్ష్యలోకి వెళ్లిన మారిషస్ ఉపగ్రహం మిర్‌శాట్-1 పది సెంటీమీటర్ల పెట్టె. ఐరాస, జపాన్ అంతరిక్ష సంస్థల పథకంలో పోటీపడి గెలుచుకున్నారు కాబట్టి ప్రయోగ ఖర్చు వాళ్ల నెత్తిన పడలేదు.

నా పేచీ వేరు. ఆ పెట్టె తయారైంది దీవిలో కాదు, స్కాట్లాండ్‌లో. అంతకు చాలా ముందే, 1990ల తొలినాళ్లలో, అదే దీవి ఈశాన్య తీరాన బ్రా దో అనే చోట మారిషస్ విశ్వవిద్యాలయం మన బెంగళూరు సంస్థలు రెండింటితో కలిసి, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే రేడియో టెలిస్కోపు కట్టింది. తూర్పు పడమరలుగా రెండు కిలోమీటర్ల బారున 1,024 యాంటెనాలు, స్ప్రింగులా తీగ చుట్టినవి. దక్షిణం వైపు పట్టాల మీద ట్రాలీలు. వాటిని జరిపి మళ్లీ కొలుస్తూ, జరిపి మళ్లీ కొలుస్తూ దక్షిణాకాశానికి పటం గీశారు. అక్కడి పిల్లలు ఆ కొలతలతోనే పీహెచ్‌డీలు చేశారు. నా దృష్టిలో ఆ దేశపు సైన్సుకు చిరునామా ఆ తీగలే. చెరకు మీద 1953 నుంచీ వాళ్లకు సొంత పరిశోధన సంస్థ కూడా ఉంది. మా కోరంగి రేవులో కూలీలుగా ఓడెక్కి అక్కడికి వెళ్లినవాళ్లు నరికిన చెరకే అది!

బయట తయారై వచ్చిన పరికరం గతి ఏమవుతుందో నాకు తెలుసు. నేను కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. మాకు విదేశం నుంచి విరాళంగా ఒక ఆసిలోస్కోపు (విద్యుత్ సంకేతాలను తెర మీద గీసి చూపే యంత్రం) వచ్చింది. రెండో ఏడే పవర్ సప్లై కాలింది. సర్క్యూట్ బొమ్మ లేదు, విడిభాగాలు లేవు. ఎనిమిదేళ్లు గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఏటా దసరాకు తుడిచి బొట్టు మాత్రం పెట్టేవాళ్లం.

ఐటెక్ అనే భారత సాంకేతిక, ఆర్థిక సహకార పథకం కింద 1964 నుంచి మన దేశం మారిషస్ లాంటి దేశాల ఉద్యోగులను రప్పించి శిక్షణ ఇస్తోంది. హైదరాబాద్‌లోనూ ఆ తరగతులు జరుగుతాయి. సైన్సు, సాంకేతిక కోర్సులకు వచ్చేవాళ్లకు సర్టిఫికెట్, గ్రూపు ఫొటోతో సరిపెట్టకుండా, ఒక్క వారమైనా పాడైన యంత్రాన్ని ముందు పెట్టి స్క్రూడ్రైవరు చేతికివ్వాలి. మనం కానుకగా పంపే ప్రతి పరికరం వెంట సర్క్యూట్ బొమ్మ, విడిభాగాల డబ్బా కూడా వెళ్లాలి.

– ఒక విశ్రాంత ల్యాబ్ అసిస్టెంట్, కాకినాడ