బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగు, బావా

పర్లాకిమిడి
ఆదివారం రాత్రి

ఒరే బావా,

నిన్న నువ్వు ఫోన్‌లో అడిగిన దానికి జవాబు సగంలోనే తెగిపోయింది. రెండు రోజులుగా ఇక్కడ ఒకటే వాన, సిగ్నల్ నిలవడం లేదు. అయినా అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. "కొత్త కారుకి మామూలు తాళం ఉన్న మోడల్ చాలదా, రిమోట్ కోసం అన్ని వేలు ఎక్కువ పెట్టాలా?" అన్నావు కదా. పెట్టు. కాకపోతే ఆ రిమోట్‌ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుసుకుని పెట్టు. అది నాకు తెలిసొచ్చేసరికి ఇంట్లో అయిదు పట్టుచీరలు పోయాయి.

ముందు మంచి చెప్తాను. మా అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలియంది కాదు. పాత కారుకి ఏ డోర్ తాళం దానిదే. వానలో నేను అటు తిరిగి నా డోర్ తీసుకుని, లోపల్నించి వంగి, ఆవిడ వైపు గడియ పైకి లాగేదాకా చేతికర్ర పట్టుకుని తడుస్తూ నిలబడేది. ఇప్పుడు అరుగు మీద ఉండగానే బటన్ నొక్కుతాను. ఇండికేటర్లు వెలుగుతాయి, నాలుగు డోర్లూ ఒక్కసారే టక్కుమంటాయి. మొదట్లో "తీశావా నాన్నా?" అని అడిగేది. ఇప్పుడు అడగదు. ఆ టక్కు వినపడగానే కర్ర ఎడం చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకుంటుంది. ఈ ఒక్కదానికే ఆ డబ్బు పెట్టొచ్చురా. రథయాత్ర రోజు జనంలో కారు ఎక్కడ పెట్టామో తెలియనప్పుడు బటన్ నొక్కి లైట్లు చూసి వెతుక్కోవడం, రాత్రి పడుకున్నాక డోర్ వేశానా లేదా అని అనుమానం వస్తే కిటికీలోంచే నొక్కేయడం, ఇవన్నీ పైలాభం.

ఇక చీరల సంగతి. మా మేనకోడలి పెళ్లికి బరంపురం వెళ్లాం. పట్టుచీరలంటే మా అక్కకి బరంపురం నేతే కావాలి, ఆ కుంభం అంచు లేకపోతే ఒప్పుకోదు. పొద్దున్నించి నాలుగు కొట్లు తిరిగి అయిదు చీరలు తీసింది. సంచి డిక్కీలో పెట్టింది మా మేనల్లుడు. సంచి చెవి బయటికి వచ్చి మూత కింద ఇరుక్కుందని వాడు చూసుకోలేదు. నేను ఫోన్ మాట్లాడుతూ, వెనక్కి తిరగకుండానే భుజం మీంచి చెయ్యి చాపి బటన్ నొక్కేసి భోజనానికి నడిచాను. ముప్పావుగంటలో తిరిగొచ్చేసరికి డిక్కీ మూత అంగుళం లేచి ఉంది. సంచి లేదు. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికి దాదాపు మూడు గంటల దారి, కారులో ఎవరం నోరు విప్పలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

తర్వాత వారం ఇక్కడి మెకానిక్ దగ్గర కూర్చుని అడిగాను, బటన్ నొక్కాను కదా, ఎందుకు పడలేదని. అతను మాటలు చెప్పలేదు. వెనక డోర్ సగం మూసి, "వినండి బాబూ" అని రిమోట్ నొక్కాడు. టక్, టక్. రెండు. డోర్ గట్టిగా వేసి మళ్లీ నొక్కాడు. ఒక్కటే టక్, దాంతోపాటు ఇండికేటర్లు వెలిగాయి. ఏ డోరో, డిక్కీయో సరిగ్గా పడకపోతే మా కారు గడియలు వేసుకున్నట్టే వేసుకుని వెంటనే విప్పేసుకుంటాయి. లైట్లు వెలగవు, అలారం కూడా పనిచెయ్యదు. ఆ రోజు కారు నాకు చెప్పింది బావా. నేనే దాని వైపు చూడలేదు.

అప్పట్నించి బటన్ నొక్కి, లైట్లు చూసి, హ్యాండిల్ ఒకసారి లాగి కానీ కదలను. నువ్వు తీసుకుంటానన్న టాప్ మోడల్‌కి తాళం జేబులో ఉంటే చాలు కదా. అందులో కొన్నింటికి హ్యాండిల్ పట్టుకోగానే మళ్లీ తెరుచుకుంటుంది. అలాంటిదైతే లైట్లు, అద్దాలు ముడుచుకోవడం చూసుకో. కొనే ముందే షోరూమ్‌లో అడిగి, వాళ్ల ముందే చేసి చూడు.

ఈ అలవాటు ఇంకో మోసాన్ని కూడా అడ్డుకుంటుంది. మన దగ్గర చాలా కార్ల రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి. పార్కింగ్‌లో దూరంగా నిలబడినవాడు అదే తరంగం మీద గోల పెట్టే చిన్న పరికరం ఆన్ చేస్తే, నువ్వు నొక్కింది కారుకి వినపడదు. సంతలో లౌడ్‌స్పీకర్ పక్కన నిలబడి ఎవర్నో పిలిచినట్టే. లైట్లు వెలగలేదంటే అక్కడి నుంచి కదలకు.

"రిమోట్ సిగ్నల్ కాపీ చేస్తారట కదా" అన్నావు. పాత రకాల్లో అది నిజమే. రిమోట్‌తో తెరుచుకునే కారు 1982లోనే వచ్చింది, ఫ్రాన్స్‌లో రెనో ఫ్యూగో. చాలాకాలం పాటు ఎన్నో రిమోట్లు ఎప్పుడు నొక్కినా ఒకే కోడ్ పంపేవి, అది ఒకసారి పట్టుకుంటే చాలు. ఇప్పుడు కంపెనీ బిగించి ఇచ్చేవాటిలో చాలావరకు నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. కాపలావాడికీ నీకూ మాత్రమే తెలిసిన గుర్తుమాట రోజుకోటి మారినట్టు. నిన్నటి మాట విన్న దొంగకి ఇవాళ దాంతో పనిలేదు. అందుకే బయట షాపులో చవకగా దొరికే కిట్ బిగించుకుందాం అనుకోకు. కోడ్ ఏ రకమో తెలియదు, పైగా కొత్త కారు వైర్లు కోస్తారు, వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

జేబులో ఉంటే చాలు అనే తాళానికి వేరే చిక్కుంది. బటన్ నొక్కక్కర్లేదు కాబట్టి, కారూ తాళమూ పక్కపక్కనే ఉన్నాయని కారుని నమ్మిస్తే చాలు. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ వీధి గుమ్మం దగ్గర నిలబడి ఇక్కడి సిగ్నల్ అక్కడికి అందిస్తారు. 2011లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద ఇది చేసి చూపించారు. అవన్నీ లొంగిపోయాయి. తర్వాత కొన్ని కంపెనీలు కదలకుండా ఉన్న తాళం నిద్రపోయేలా చేశాయి, నువ్వు చూస్తున్న మోడల్‌కి అది ఉందేమో కనుక్కో. ఉన్నా లేకపోయినా తాళం గుమ్మం పక్కన మేకుకి తగిలించొద్దు, లోపలి గదిలో గట్టి మూతున్న స్టీలు డబ్బాలో పెట్టు. డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వెళ్లి చూడు, తెరుచుకోకపోతే ఆ డబ్బా పనికొస్తుంది.

బ్యాటరీ అయిపోతే ఏంటన్నావు. నాకు అయింది, అదీ ఎక్కడ? మహేంద్రగిరి మీద, శివరాత్రి మర్నాడు తెల్లవారుజామున. మంచు, చలి, అమ్మ నా శాలువా కూడా కప్పుకుని నిలబడింది. రిమోట్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. తాళం తిప్పి డోర్ తీస్తే అలారం కొండంతా మోగిపోయింది. భయపడకుండా ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పాను, ఆగిపోయింది, స్టార్ట్ అయింది. కారు తన తాళాన్ని గుర్తుపట్టడానికి అందులో ఉండే చిప్‌కి ఈ బ్యాటరీతో పనిలేదట, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే దానికి కరెంటు అందుతుంది. నీ టాప్ మోడల్ రిమోట్ లోపల కూడా సన్నటి తాళం దాగి ఉంటుంది. అది ఎలా బయటికి తియ్యాలో, డోర్‌కి దాని కన్నం ఎక్కడుందో మొదటి రోజే చూసుకో. రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు బ్యాటరీ లేకపోయినా స్టార్ట్ అవుతాయి.

ఆ బ్యాటరీ మార్చేటప్పుడు మాత్రం నీ చిన్నదాన్ని దగ్గరికి రానివ్వకు. రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 అది. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. పాతది కూడా చెత్తబుట్టలో పడేయకు, ప్లాస్టర్ చుట్టి పైన ఎక్కడైనా పెట్టు. తాళం దాని చేతికి బొమ్మలా ఇవ్వడం అసలొద్దు. లోపల కూర్చుని లాక్ నొక్కేసుకుందంటే, ఎండలో మూసిన కారు నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

డెలివరీ రోజు రెండు తాళాలూ లెక్కపెట్టి తీసుకో. కారు పోయిందని ఇన్సూరెన్స్‌కి వెళ్తే రెండూ అడుగుతారు. నేను సెకండ్ హ్యాండ్ కొన్నప్పుడు ఒకటే ఇచ్చారు. రెండోది ఎవరి దగ్గరుందో తెలియక, దాన్ని కారు గుర్తుపట్టకుండా చెరిపించి, నాకు కొత్తది చేయించుకున్నాను. అప్పటిదాకా రాత్రుళ్లు సరిగ్గా నిద్రపట్టలేదు.

కారు రాగానే ముందు ఇటే రా. పాతపట్నం నీలమణి దుర్గమ్మ దగ్గర పూజ చేయిస్తానని అమ్మ అప్పుడే మొక్కేసుకుంది. ఆవిడని నీ కారులోనే తీసుకెళ్దాం. అరుగు మీంచే డోర్ తియ్యి, ఆ టక్కు వినపడేదాకా ఆవిడ కదలదు.

నీ
బావ