చిన్ననాటి జ్ఞాపకాలకూ గడువు ఉంటుంది: బ్రిటన్ పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యావరణ, ఆహార, గ్రామీణ వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారం. మీ శాఖకూ, మా కౌంటీ కౌన్సిల్‌కూ ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలకు ‘అందింది’ అన్న రసీదు తప్ప జవాబు రాలేదు. అందుకే ఈసారి తెలుగులో, అందరూ చదివేలా రాస్తున్నాం. ఇంగ్లండ్ పల్లెల్లో పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగువాళ్ళూ ఉన్నారు. పొలాల మధ్య వాళ్ళ పిల్లలు నడిచే కాలిబాట ఉండాలా పోవాలా అన్నది ఎవరి జ్ఞాపకం మీద ఆధారపడి ఉందో వాళ్ళకూ తెలియాలి.

జనం నడిచే బాటను అధికారిక మ్యాపులో చేర్చమని కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకునే వీలిచ్చే 1981 వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం 53వ సెక్షన్ గురించి మీకు మేం చెప్పనక్కర్లేదు. మేం చెప్పేది ఒక్కటే. డెఫినిటివ్ మ్యాపులోకి, అంటే జనానికి నడిచే హక్కున్న బాటల అధికారిక పటంలోకి, ఎక్కని బాటకు చాలాచోట్ల మిగిలిన సాక్ష్యం ఎనభై ఏళ్ళు దాటినవాళ్ళ చిన్నప్పటి జ్ఞాపకాలే. వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఫైళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

పిల్లల జ్ఞాపకాలే ఎందుకంటే, లెక్క అలా వస్తుంది. 1980 హైవేస్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం బాట మీద హక్కు రావాలంటే జనం 20 ఏళ్ళు అడ్డు లేకుండా నడిచి ఉండాలి. ఆ 20 ఏళ్ళను, నడిచే హక్కును ఎవరైనా మొదటిసారి కాదన్న రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. గేటుకు తాళం 1974లో పడిందనుకోండి, చూడాల్సింది 1954 నుంచి 1974 దాకా. అప్పటికే పెద్దవాళ్ళయినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది బతికున్నారు? దొరికేది ఆనాడు బడిపిల్లలుగా ఉన్నవాళ్ళే. 1954లో పదేళ్ళున్న పిల్లకు ఇప్పుడు 80 దాటాయి.

వాళ్ళ జ్ఞాపకాన్ని సాక్ష్యంగా మార్చడం ఎంత పనో మీ అధికారులు ఒక్క పూట వచ్చి పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ‘చిన్నప్పుడు ఎప్పుడూ అటే పోయేవాళ్ళం’ అన్న వాక్యం విచారణలో నిలబడదు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, వారానికి ఎన్నిసార్లు, ఎక్కడి నుంచి ఎక్కడికి, నడిచా సైకిలు మీదా, బాట వెడల్పెంత, గేటు ఉందా, బోర్డు ఉందా, ఎవరైనా వెనక్కి పంపారా అన్నవన్నీ సాక్షి సంతకం చేసే ఫారంలో రావాలి. ముందే గీత గీసిన మ్యాపు చూపించకూడదు. ఖాళీ మ్యాపు ఇచ్చి వాళ్ళ చేతే గీయించాలి. లేకపోతే మనమే చెప్పించామంటారు. ‘పొలమంతా తిరిగేవాళ్ళం’ అన్నా చాలదు, తిరగడం వేరు, ఒక దారి పట్టుకుని పోవడం వేరు. మా వైపు పుంత, డొంక అంటాం. ఆ మాటల్లోనే ఒక గట్టు, ఒక మలుపు ఉంటాయి. ఇక్కడ కూడా అలాంటి గట్టునూ మలుపునూ కాగితం మీద చూపించాలి.

ఏళ్ళు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. అందుకే వాటిని పట్టుకుని అడుగుతాం. మిఠాయిల మీద రేషన్ ఎత్తేసింది 1953 ఫిబ్రవరిలో. ఆ చిల్లర పట్టుకుని ఏ బాటన అంగడికి పరిగెత్తారు? కుందేళ్ళ జబ్బు మిక్సమటోసిస్ కెంట్‌లో కనబడింది కూడా ఆ ఏడాదే. కళ్ళు వాచిన కుందేళ్ళు కదలకుండా కూర్చున్నది ఏ గట్టు మీద? 1962 క్రిస్మస్ మర్నాడు మొదలై మార్చి దాకా కరగని మంచులో కంచె ఏ మూల కనబడకుండా పోయింది? ష్రాప్‌షైర్ వైపు వాళ్ళనైతే 1967 అక్టోబరులో మొదలైన గాలికుంటు వ్యాధి గురించి అడిగితే చాలు, మందునీళ్ళలో తడిపిన గడ్డి ఏ గేటు ముందు పరిచారో చెబుతారు. ఎల్మ్ చెట్లు నిలబడి ఉండగా నడిచామంటే చాలావరకు 1970లలో తెగులు సోకి ఆ చెట్లు చచ్చిపోకముందు మాట.

అలా అడిగితే ఏం వస్తుందో చూడండి. ‘ఎల్మ్ చెట్టు మొదట్లో కంచె దాటే మెట్లు, రెండు పలకలు. పై పలక మధ్యలో అరిగి గుంట పడింది, వానొస్తే నీళ్ళు నిలిచేవి. పట్టుకునే గుంజ ఎడమవైపు.’ ఇప్పుడు అక్కడ చెట్టూ లేదు, మెట్లూ లేవు. ముళ్ళపొద తప్పిస్తే ఎడమవైపు ఓకు గుంజ మొదలు నేలలోనే ఉంటుంది. డెబ్భై ఏళ్ళ తర్వాత ఒక మనిషి నోటి మాటా, మట్టిలోని కొయ్యా ఒక్కచోట కలుస్తాయి. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇక చెడిపోయే చోట్లూ ఉన్నాయి. రైతు చూసి చెయ్యి ఊపితే అది చూసీ ఊరుకోవడం, హక్కుకు భంగం లేదు. ‘పొండి, నేను ఒప్పుకుంటున్నా’ అంటే అది అనుమతి, ఆ నడక లెక్కకు రాదు. తాళం వేసిన గేటు విరగ్గొట్టి పోతే బలవంతం. రైతు కంట పడకుండా దొంగతనంగా పోతే రహస్యం. ఇవీ లెక్కకు రావు. తండ్రి ఆ పొలంలోనే కూలీ అయితే, పిల్లలు కూడా యజమాని అనుమతితో నడిచారని వాదిస్తారు. ఇవన్నీ ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి విడదీయాల్సిన సంగతులు. చనిపోయినవాళ్ళ ఫారాన్ని ఎవరు విడదీస్తారు? సంతకం చేసిన ఫారం మనిషి పోయినా చెల్లుతుంది, నిజమే. కానీ ఎదురు ప్రశ్నలకు నిలబడని మాటకు విచారణ జరిపే ఇన్‌స్పెక్టర్ తక్కువ విలువే కడతారు. ఒక్కరే 20 ఏళ్ళూ నడవనక్కర్లేదు, ఒకరి అయిదేళ్ళకు మరొకరి పదేళ్ళు అతకవచ్చు. మధ్యలో ఒక్కరి మాట బలహీనపడితే ఆ అతుకు ఊడిపోతుంది.

దరఖాస్తు తేల్చడానికి 1981 చట్టం 14వ షెడ్యూలు కౌన్సిల్‌కు 12 నెలలు ఇచ్చింది. కొన్ని కౌంటీల్లో పదేళ్ళు దాటిన దరఖాస్తులు ఉన్నాయి. 12 నెలలు దాటితే మీకే మొరపెట్టుకోవచ్చని అదే షెడ్యూలు అంటోంది. పెట్టుకుంటే ఫలానా తేదీలోగా తేల్చమని కౌన్సిల్‌కు ఆదేశం వస్తుంది, సిబ్బంది లేరని కౌన్సిల్ అంటుంది. ఒకవేళ బాటను మ్యాపులో చేర్చే ఆర్డర్ వేసినా 42 రోజుల అభ్యంతరాల గడువు, ఆపైన విచారణ. ఇన్ని మెట్లు 82 ఏళ్ళ మనిషి ఎక్కాలి మంత్రి గారూ.

పాత బాటల నమోదుకు గడువు సంగతి మరీ బాధాకరం. 2000 సంవత్సరపు చట్టం 2026 జనవరి 1 అంది. 2022లో ఎత్తేస్తామన్నారు. 2023లో మాట మార్చి 2031కి జరిపారు. 2024 డిసెంబరులో మళ్ళీ రద్దు చేస్తామన్నారు. ప్రతి ప్రకటనకూ వాలంటీర్లు ఉన్న పనులు పక్కన పెట్టి, లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో 1910 ఫైనాన్స్ చట్టం కింద భూముల విలువ కట్టిన మ్యాపులు, కౌంటీల్లో చర్చి పన్ను కోసం గీసిన పాత టైత్ మ్యాపులు వెతకడానికి పరిగెత్తారు. ఆ మ్యాపులు ఎక్కడికీ పోవు. పదేళ్ళ తర్వాత వెళ్ళినా దొరుకుతాయి. ముందు వినాల్సింది మనుషుల్ని. గడువుల భయంతో ఆ వరస తలకిందులైంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 49,000 మైళ్ళకు పైగా పాత బాటలు మ్యాపులో లేకుండా ఉండవచ్చని నడకదారుల కోసం పనిచేసే ర్యాంబ్లర్స్ సంస్థ వాలంటీర్లు 2020లో లెక్క తేల్చారు. అందులో ఎన్నింటికి నడిచిన మనిషి ఇంకా బతికి ఉన్నాడు?

వేడుకుంటున్నాం. సాక్షికి 75 దాటిన దరఖాస్తుల్ని వరస ముందుకు తెండి. దరఖాస్తు అందిన మూడు నెలల్లో ఆ సాక్షి మాటను, భూమి యజమాని తరఫు వాళ్ళకు కూడా ప్రశ్నలు అడిగే అవకాశం ఇచ్చి, వీడియోలో రికార్డు చేయించండి. వీలైతే బాట మీదే, నడిపిస్తూ. నడవలేకపోతే వాళ్ళ ఇంట్లో, మ్యాపు ఒళ్ళో పెట్టి. ఆ రికార్డుకు విచారణలో ఎదుట చెప్పిన మాటకున్నంత విలువ ఇవ్వండి. కౌన్సిళ్ళకు సిబ్బందిని ఇవ్వండి. రద్దు చేస్తామన్న గడువు విషయంలో మాట మీద నిలబడండి. అన్నీ ఒకేసారి కాకపోతే ఆ రికార్డింగు ఒక్కటైనా ఈ చలికాలం లోపు మొదలుపెట్టండి. చలికాలంలోనే మా సాక్షులు ఎక్కువగా పోతున్నారు.

ఇట్లు,
ఇంగ్లండ్ పల్లెల్లో కాలిబాటల దరఖాస్తులు రాస్తున్న కొందరు తెలుగువాళ్ళు