సర్టిఫికెట్ల జాబితా ఇప్పుడే రాసుకుందాం

ఒంగోలు, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసే మిత్రులకు నమస్కారం.

క్వాంటమ్ కంప్యూటర్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దండీ. ఇవాళ ఆర్ఎస్ఏ అనే తాళం పద్ధతిని (ఎన్‌క్రిప్షన్) నమ్ముకుని పంపే డేటాను ఎవరైనా కాపీ చేసి దాచుకుంటే, అలాంటి మెషీన్ చేతికొచ్చిన రోజు విప్పేస్తారు. బయ్యర్ల రేట్లు, క్వారీ లీజు కాగితాలు పదేళ్ల తర్వాతైనా బయటపడకూడదు కదా. నా టెన్షన్ అంతా దాని గురించే.

2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్, క్వాంటమ్ దాడిని తట్టుకునే కొత్త ప్రమాణాలు ఖరారు చేసింది. రహస్య కీ మార్పిడికి ఎంఎల్-కెమ్, డిజిటల్ సంతకాలకు ఎంఎల్-డీఎస్ఏ. రెండూ సర్వర్లలో ఎన్‌క్రిప్షన్ పని చూసే సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.5లో ఉన్నాయి. మీ సర్వర్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో చూడండి.

ఇంకోటి, 2029 మార్చి 15 నుంచి ఇచ్చే వెబ్‌సైట్ సర్టిఫికెట్లకు (సైట్ అసలైనదేనని చూపే డిజిటల్ పత్రాలకు) గడువు గరిష్ఠంగా 47 రోజులే. రెన్యువల్ ఆటోమేటిక్ చేసుకోక తప్పదు.

అందుకే వెబ్‌సైట్, వీపీఎన్ సర్టిఫికెట్లు, టెండర్లకు వాడే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో శనివారంలోగా షీట్‌లో రాయండి. పిన్ నంబర్లు మాత్రం దయచేసి పెట్టొద్దు.