అమ్మ మోకాలి ఆపరేషన్: నేను పేరు బయటపెట్టలేని ఆ టెక్నీషియన్ తమ్ముడికి

అమ్మ మోకీలు మార్పిడి ఆపరేషన్ బాగా జరిగింది. నిన్న సాయంత్రం వాకర్ పట్టుకుని బాత్రూం దాకా నడిచింది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోలేను. అన్నయ్య, వదిన, మా ఆయన అందరూ దగ్గరే ఉన్నారు, వాళ్ళ లెక్క ఇంట్లో చూసుకుంటాం. ఈ పోస్టు మాత్రం థియేటర్ ముందు గదిలో అమ్మకి దొరికిన అనస్థీషియా (మత్తు) టెక్నీషియన్ తమ్ముడి కోసం. పేరు రాస్తే అక్కడ అతనికి ఇబ్బంది అవుతుందేమోనని రాయడం లేదు.

నేనూ థియేటర్ నర్సునే కాబట్టి లోపల ఓ మూల నిలబడనిచ్చారు. అందుకే అతను చేసిన పని విలువ తెలిసింది. అమ్మని స్ట్రెచర్ మీద తెచ్చేసరికి మానిటర్‌లో బీపీ 178/98. 180/110 దాటితే ఇలాంటి ఆపరేషన్ వాయిదా వేసే ఆలోచన చేస్తారు. ఏసీ చలికి వణుకు, భయానికి వణుకు, రెండూ కలిసిపోయాయి. అతను ముందు దుప్పటి కప్పాడు. స్టూలు లాక్కుని అమ్మ మొహానికి ఎదురుగా కూర్చుని, మాస్కు గడ్డం కిందికి దించి నవ్వాడు. మాస్కులో నవ్వితే పేషెంటుకి కళ్ళు తప్ప ఏమీ కనపడవు, ఈ చిన్న సంగతి మనలో చాలామందికి తట్టదు.

కట్టుడు పళ్ళు తీయించాలి. నలుగురిలో పళ్ళు తీయమంటే ఆ వయసు వాళ్ళు ఎంత చిన్నబుచ్చుకుంటారో మనకి తెలుసు. ముందు అమ్మ చేతికి మాస్కిచ్చి పెట్టుకోమన్నాడు, డబ్బా ఇచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత, "పెద్దమ్మా, ఇప్పుడు మనిద్దరం మాస్కులోళ్ళమే, ఎవరి పళ్ళు ఎన్నో ఎవరికీ తెలీదు" అన్నాడు. అమ్మ మొదటిసారి నవ్వింది అక్కడే.

అతను కథలూ జోకులూ ఏం చెప్పలేదు. జరగబోయేదాన్నే ముందుగా సరదాగా చెప్పాడు. మోకాలి ఆపరేషన్‌కి నడుముకి మత్తిస్తే పేషెంటుకి చప్పుళ్ళన్నీ వినపడతాయి. నొప్పి తెలియదు గానీ కాలు గుంజుతున్నట్టూ ఒత్తుతున్నట్టూ తెలుస్తుంది. ముందే చెప్పకపోతే మత్తు పనిచేయలేదనుకుని కంగారుపడతారు. "లోపల ముందు వడ్రంగి వస్తాడు, ఆ తర్వాత తాపీమేస్త్రీ. రంపం కోత, సుత్తి దెబ్బలు వినపడతాయి, సిమెంటు వాసన కూడా వస్తుంది. పని వాళ్ళది, టీ ఖర్చు మాత్రం మీదే పెద్దమ్మా." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఎముక కోసేది రంపంతోనే, కృత్రిమ కీలు అతికించేది ఘాటు వాసనొచ్చే సిమెంటుతోనే.

నడుముకి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు వీపు వంగాలి. భయంతో బిగుసుకుంటే వెన్నుపూసల మధ్య సందు మూసుకుపోతుంది, సూది ఎముకకి తగులుతుంది, మళ్ళీ మళ్ళీ గుచ్చాల్సి వస్తుంది. బల్ల అంచున కూర్చోబెట్టి, కాళ్ళ కింద స్టూలు పెట్టి, దిండు పొట్టకి హత్తించి, "ఒళ్ళో చేటలో బియ్యం ఏరుతున్నారు, రాయి కనపడింది, బాగా వంగండి" అన్నాడు. అమ్మ గడ్డం ఛాతీకి ఆనింది. అక్కడితో సరదా ఆపేశాడు. సూది లోపలికి వెళ్తుంటే నవ్వించకూడదు, ఒళ్ళు కదులుతుంది. భుజాలు పట్టుకుని, "ఇప్పుడు చల్లగా దూది, ఇప్పుడు చిన్న చురుకు" అంతే. ఒక్కసారికే అయిపోయింది.

సుత్తి మొదలయ్యాక తలవైపు నిలబడి ఆవకాయ కొలతలు అడిగాడు. రెండు గ్లాసుల కారానికి మూడు గ్లాసుల ఉప్పు కదా అని కావాలనే తప్పు చెప్పాడు. "నీ మొహం, ఎవరు చెప్పారు నీకు" అని అమ్మ తిట్టింది. పరిహాసానికి ప్రతిసారీ తననే బలి చేసుకున్నాడు తప్ప అమ్మ లావునీ మతిమరుపునీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంతకుముందు బయటి గదిలో పక్క స్ట్రెచర్ మీది కుర్రాడు మొదటి మాటకి నవ్వలేదు. అతనితో రెండో సరదా మాట ఆడలేదు, చెయ్యి పట్టుకుని జరగబోయేవి మెల్లగా చెప్పాడు.

2005లో ఇటలీలో పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. మత్తిచ్చే ముందు పక్కన క్లౌన్లు ఉన్న పిల్లల్లో ఆందోళన తగ్గింది. మంచిదేనని సిబ్బంది కూడా ఒప్పుకున్నారు, కానీ పనికి అడ్డమని ఎక్కువమంది కొనసాగించడానికి ఇష్టపడలేదు. ఈ తమ్ముడి సరదా ఎవరి పనికీ అడ్డం రాలేదు. చేయాల్సిన పనిలోంచే పుట్టింది మరి.

ఒక బాధ కూడా చెప్పాలి. రాత్రి పది నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, థియేటర్‌లోకి తీసుకెళ్ళింది మధ్యాహ్నం ఒంటిగంటకి. మత్తుకి రెండు గంటల ముందు వరకూ మామూలుగా మంచినీళ్ళు తాగొచ్చు, ఆరు గంటలు ఆపాల్సింది తిండిని. నోటికేమీ వద్దన్నారని బీపీకి రోజూ వేసుకునే ఆమ్లోడిపిన్ మాత్ర కూడా ఆపేశారు. అది గుక్కెడు నీళ్ళతో వేయాల్సిన మాత్ర. బీపీ పెరగదా మరి? ఇంగ్లీషులో ఉన్న అంగీకార పత్రం స్ట్రెచర్ కదిలేటప్పుడు సంతకానికి పెట్టారు. భయం పుట్టించే పనులన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. దాన్ని పోగొట్టడం మాత్రం మూడు థియేటర్ల మధ్య పరిగెత్తే ఒక టెక్నీషియన్ మంచితనానికి వదిలేశారు. పేజీలకు పేజీలున్న బిల్లులో అతని పనికి ఒక్క వరుస లేదు.

తమ్ముడూ, సూది వేసే ముందు అమ్మ బీపీ 148/86. అది నీ చలవే. నీ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

అయ్యో, నన్ను లోపల ఉండనిచ్చిన మత్తు డాక్టర్ గారికి నమస్కారాలు. రక్తం ఇవ్వడానికి వచ్చి అవసరం పడక వెనక్కి వెళ్ళిన అన్నయ్య ఆఫీసు పిల్లలకీ, రాత్రి రెండింటికి ఐసు ముక్కలు తెచ్చిన ఆయమ్మకీ, ఫిజియోథెరపీ మేడమ్‌కీ కూడా. కమోడ్ కుర్చీ అప్పిచ్చిన మూడో అంతస్తు ఆంటీ, ఇంకో రెండు వారాలు ఉంచుకోవచ్చా? ఫోన్ చేస్తాను.