ముందు నీళ్లు, తర్వాతే మందు

దేవరకొండ

బిడ్డా చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. పత్తి ఏరడం సగం అయింది. పెద్దత్తకు మోకాలి నొప్పి తగ్గింది. నిన్న ఆమె కొడుకు మాటల్లో, ల్యాబులో నీ చేతి మీద ఏదో పడిందని నోరు జారాడు. నువ్వు ఫోను ఎత్తడం లేదు. పరీక్షలని ఒక్క మెసేజి, అంతే. పరీక్షలైతే సరే, బాగా రాయి, రాత్రిళ్లు టీ తగ్గించు.

పడింది ఆమ్లమా, క్షారమా? సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారమైతే మొదట్లో మంట అంతగా తెలియదు. సబ్బులా జారుతూనే లోపలికి దిగిపోతుంది. కంట్లో పడితే మరీ ప్రమాదం.

ఆమ్లంలోని హైడ్రోజన్ అయాను, క్షారంలోని హైడ్రాక్సైడ్ అయాను కలిసి నీరవుతాయని, మిగిలినవి లవణమవుతాయని నీకు తొమ్మిదిలోనే చెప్పాను. పుట్టే వేడి మాత్రం సమీకరణంలో కనిపించదు. గాఢత తక్కువున్న బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసి ఒక మోలు నీరు, అంటే 18 గ్రాములు, ఏర్పడితే దాదాపు 57 కిలోజౌళ్ల వేడి వస్తుంది.

చిన్నబావ సంగతి నువ్వు మరిచిపోయి ఉంటావు. ట్రాక్టరు బ్యాటరీ దించుతుంటే ఆమ్లం ముంజేతి మీద ఒలికింది. మోటారు పక్కనే నడుస్తోంది, నీళ్లు ధారగా పడుతున్నాయి. అయినా తాత పరుగెత్తి వెళ్లి తమలపాకుల పెట్టెలోంచి సున్నం తెచ్చి రుద్దాడు. సున్నంతో ఆమ్లం విరిగిపోతుందని ఆయన నమ్మకం. విరుగుతుంది, కానీ ఆ వేడంతా చర్మం మీదే పుడుతుంది, పైగా సున్నం తానే కాలుస్తుంది. నేను వెళ్లి చేయి పైపు కింద పెట్టించేసరికి బొబ్బలెక్కింది. సున్నం రాసినంత మేర మచ్చ ఇంకా ఉంది.

సున్నానికి తగిన చోటు వేరే ఉంది. తాగునీటిలోని ఫ్లోరైడును తీసేయడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన, మన జిల్లా పేరున్న నల్గొండ పద్ధతిలో, పటిక వల్ల నీటిలో వచ్చే ఆమ్లతను విరిచేది సున్నమే. అప్పుడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలు కట్టి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. అది తొట్టెలో జరగాలి, నీ చేతి మీద కాదు.

అందుకే వంటసోడా, సున్నం ఏదీ వద్దు. మళ్లీ ఎప్పుడైనా పడితే తడిసిన బట్ట తీసేసి, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. ఆ తర్వాతే డాక్టరు. నువ్వు అలాగే చేశావా? బొబ్బ ఉంటే చిదమకు.

ల్యాబులో పెట్టుకునే కళ్లద్దాలకు డబ్బులు వేశాను, వేరే దేనికీ వాడకు. ఈ రాత్రి ఆ చెయ్యి ఫోటో పంపు. పంపకపోతే ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. అమ్మ ఎలాగూ పల్లీల పొడి కట్టి ఉంచింది.

నాన్న